ఆయనకు తెలియదనుకుంటూ రాసే ఉత్తరాలు

2025 మే నెలలో కవిత తన తండ్రి కేసీఆర్‌కు రాసిన ఉత్తరం బయటికొచ్చినప్పుడు మా ఇంట్లో, ఆఫీసులో, వాట్సాప్ గ్రూపుల్లో కొన్నాళ్లు అదే ముచ్చట. ఏప్రిల్ 27న ఎల్కతుర్తిలో జరిగిన బీఆర్ఎస్ రజతోత్సవ సభ గురించి జనం ఏమనుకుంటున్నారో ఆమె అందులో రాశారు. మెచ్చుకోవాల్సినవి మెచ్చుకున్నారు. బీజేపీ గురించి మరీ తక్కువసేపు మాట్లాడారని, దాంతో రేపు పొత్తు ఉంటుందేమోనన్న అనుమానం మొదలైందని రాశారు. బీసీ రిజర్వేషన్ల మాట, వక్ఫ్ మాట ఎత్తలేదని రాశారు. విధానం మీద, పార్టీ నడక మీద ఒక నాయకుడికి రాయదగ్గ ఉత్తరమే అది. కూతురు కాకుండా హన్మకొండలో ఏ టీచరో రాసి ఉంటే ఇంకా సంతోషించేవాణ్ని. కానీ ఆ టీచరు ఉత్తరం టీవీలో రాదు.

అందరూ లీక్ ఎవరు చేశారని కొట్టుకుంటుంటే, నా మనసులో మాత్రం ఆమె ఆ తర్వాత అన్న మాట ఉండిపోయింది. అమెరికా నుంచి వచ్చి శంషాబాద్‌లో దిగగానే, ఉత్తరం తనదేనని ఒప్పుకున్నారు. కేసీఆర్ దేవుడని, ఆయన చుట్టూ కొన్ని దెయ్యాలున్నాయని అన్నారు. ఉత్తరంలో ఉన్నవి దేవుడి ప్రసంగంలోని లోపాలు. మైకుల ముందుకొచ్చేసరికి తప్పు దెయ్యాలదైపోయింది. సెప్టెంబరు 1న ఆమె సొంత పార్టీలోని ఇద్దరి పేర్లు పెట్టి, కాళేశ్వరం విషయంలో తండ్రికి మచ్చ రావడానికి వాళ్లే కారణమని ఆరోపించారు. మర్నాడే సస్పెండ్ చేశారు. అధ్యక్షుడి నిర్ణయం మేరకే చేస్తున్నామని పార్టీ ప్రకటనలో ఉంది. ఆ అధ్యక్షుడు కేసీఆరే.

ఇదేదో ఒక్క కుటుంబం సంగతైతే నేనింత దూరం రాయను. మనలో నాయకులకు ఉత్తరాలు రాసేవాళ్లు చాలామంది ఇదే పద్ధతిలో రాస్తాం. "తమ దృష్టికి వచ్చి ఉండదు." "మీ మంచి ఉద్దేశాన్ని కింది వాళ్లు నీరుగారుస్తున్నారు." "మీ చుట్టూ ఉన్నవాళ్లు మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తున్నారు." నేననేది ఏమిటంటే, పింఛను కోసమో ఇంటి స్థలం కోసమో రాసే అర్జీలో ఏమైనా రాసుకోండి. ఒక విధానం గురించో, పార్టీలో గొడవ గురించో రాసే ఉత్తరంలో మాత్రం ఈ వాక్యం ఉండకూడదు. అది రాశామంటే, జవాబు చెప్పాల్సిన మనిషిని మొదటి లైన్లోనే ఇంటికి పంపేసినట్టే.

బాబాయి రాయించుకున్న ఉత్తరం

మా చుట్టాల్లో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా నా దగ్గరికొస్తారు, తెలుగు బాగా రాస్తాడని. మా బాబాయి చాలాకాలంగా ఒక పార్టీలో ఉన్నాడు. ఏ పార్టీ అన్నది ఇక్కడ అక్కర్లేదు, పేరు మార్చినా కథ మారదు. జెండాలు కట్టడం దగ్గర్నుంచి బూత్ ఏజెంటుగా కూర్చోవడం దాకా అన్నీ చేశాడు. ఒక ఎన్నికల ముందు పక్క పార్టీ నుంచి ఒకాయన కండువా మార్చుకుని వచ్చి నేరుగా టికెట్ తీసుకున్నాడు. ఆయన మనుషులే అంతకుముందు బాబాయి వాళ్ల మీద కేసులు పెట్టించారు. ఇప్పుడు ఆయన కోసం ఇంటింటికీ తిరిగి ఓటు అడగాలి.

బాబాయి చిత్తు ప్రతి తెచ్చాడు. "గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, జిల్లాలో కొందరు మీకు తెలియకుండా, మీ పేరు చెప్పుకుని..." అని మొదలైంది. నేను అక్కడే ఆగాను.

"బాబాయ్, ఆయనకు కండువా కప్పింది ఎవరే?"

"సారే."

"బీ ఫారం ఎవరిచ్చిండ్రు?"

"సారే ఇచ్చిండు. పేపర్ల ఫొటో సుత వచ్చింది."

"మరి తెల్వకుండ ఎట్లయితది?"

బాబాయికి చిరాకేసింది. "అరే, గట్ల రాస్తే ఎట్లరా? సారు తప్పు చేసిండని నేనంటే రేపు నన్ను పార్టీల ఉండనిస్తరా? జిల్లా వాళ్ల మీద రాస్తేనే సారు సదువుతడు. నువ్వు ఆఫీసుల కూసోని మాట్లాడుతున్నవ్, నీకేం తెల్వదు."

ఆయన చెప్పినట్టే రాసిచ్చాను. ఉత్తరం ఆయనది, పోగొట్టుకునేదీ ఆయనే. కొన్ని వారాలకు జిల్లా ఇన్‌చార్జి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "ఏందన్నా, నామీదనే రాసినవట" అని నవ్వుతూ అడిగాడట. రాష్ట్ర కార్యాలయం ఆ ఉత్తరాన్ని ఆయనకే పంపింది, విచారించి చెప్పమని.

అప్పుడు దీన్ని కుట్ర అనుకున్నాం. తర్వాత ఆలోచిస్తే అందులో కుట్రేమీ కనిపించలేదు. తప్పు జిల్లాలో ఉందని మనమే రాశాం, కాబట్టి ఆఫీసు దాన్ని జిల్లాకు పంపింది. ప్రభుత్వాఫీసుల్లో ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చిన అర్జీ కంప్యూటర్లో ఎక్కుతుంది, శాఖకు వెళ్తుంది, అక్కణ్నుంచి మండలానికి వెళ్తుంది. తహసీల్దారు మీద ఫిర్యాదు తిరిగి తిరిగి తహసీల్దారు బల్ల మీదకే వస్తుంది, ఆయనే "పరిష్కరించడమైనది" అని రాసి మూసేస్తాడు. ఈ వ్యవస్థకు మన దగ్గర ఎన్ని పేర్లు మార్చారో! ఆంధ్రప్రదేశ్‌లో మీకోసం పోయి స్పందన వచ్చింది, అది పోయి పీజీఆర్ఎస్ వచ్చింది. ప్రతి ప్రభుత్వమూ పాతదానికి బోర్డు మార్చి, ఇకనుంచి మీ గోడు నేరుగా మాకే చేరుతుందని చెప్పింది. కాగితం పోయే దారి మాత్రం అదే.

ఎవరిదో ఒక తప్పుకు ఇది పనికొస్తుంది కూడా. లంచం అడిగిన గుమస్తా గురించో, రాని పింఛను గురించో అయితే కిందికి పంపడమే సబబు. అసలు నిర్ణయమే తప్పని చెప్పే ఉత్తరాన్ని కిందికి పంపితే అక్కడి మనిషి ఏం చేస్తాడు? దాన్ని మార్చే అధికారం అతనికెక్కడిది?

ధరణి సంగతి

దీనికి తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణిని మించిన ఉదాహరణ నాకు దొరకలేదు. 2020 సెప్టెంబరులో వీఆర్వో వ్యవస్థ రద్దయింది, కొత్త పాసుపుస్తకాల చట్టం వచ్చింది, రెవెన్యూ కోర్టులు పోయాయి. అక్టోబరు 29న మూడుచింతలపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ పోర్టల్‌ను ప్రారంభించారు. తహసీల్దారు చేతికి రిజిస్ట్రేషన్ పని వచ్చింది, రికార్డులో తప్పు పడితే దిద్దే అధికారం పోయింది. దిద్దుబాట్లకు మాడ్యూళ్లు ఒక్కొక్కటిగా తర్వాత చేర్చారు. సవరణల కోసం టీఎం-33 అనే మాడ్యూల్ వచ్చాక కూడా చాలాకాలం ఆఖరి మాట కలెక్టరుదే. పేరులో అక్షరం తప్పు పడ్డ రైతు, వివాదాలున్నాయని పక్కన పెట్టిన పార్ట్-బీ జాబితాలో భూమి ఇరుక్కున్న రైతు మండలాఫీసుకు పోతే "మా చేతుల లేదు" అనేవారు. నిజంగానే వాళ్ల చేతుల్లో లేదు.

అయినా ఆ రోజుల్లో ఎక్కడ విన్నా ఒకటే మాట. "సారు మంచిగనే తెచ్చిండు, కింద ఆఫీసర్లే ఆగం చేస్తున్నరు." కింద లంచాలు లేవని నేననడం లేదు. కానీ ఆ భూమి ఇరుక్కున్నది లంచం వల్ల కాదు, అప్పీలుకు దారి లేని చట్టం వల్ల. ఆ చట్టం తెచ్చినాయన దాన్నేమీ దాచుకోలేదు. అసెంబ్లీలోనూ సభల్లోనూ తనదేనని చెప్పుకున్నారు. 2023 ప్రచారంలో, ధరణిని బంగాళాఖాతంలో వేస్తామన్నవాళ్లనే బంగాళాఖాతంలో వేయాలని సభ తర్వాత సభలో అన్నారు. తనదని అంత గట్టిగా అంటున్న మనిషికి "మీకు తెలియకుండా" అని ఉత్తరం రాస్తే ఆయన దాన్ని ఏం చేసుకుంటారు? తన పథకం మంచిదేనని మనమే ఒప్పుకున్నాం కదా. కాకపోతే ఒకరిద్దరు అధికారులను బదిలీ చేస్తారు, అంతే.

"తహసీల్దారు దగ్గర తప్పు జరిగితే రైతు ఎవరికి అప్పీలు చేయాలి? సివిల్ కోర్టు తప్ప ఇంకో దారి ఎందుకు తీసేశారు?" అని రాస్తే దాన్ని మండలానికి పంపడం కుదరదు. మండలాఫీసులో ఆ ప్రశ్నకు జవాబుండదు.

ఇప్పుడు ఆ చట్టం స్థానంలో భూభారతి. 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పీలుకు దారి పెట్టారు, మంచిదే. మా ఊరి వైపు మాత్రం అప్పుడే పాత మాట మొదలైంది. "రేవంత్ సారు మంచి చట్టం తెచ్చిండు గని, కింద..."

దెయ్యాన్ని వదిలిస్తామని

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1995 ఆగస్టులో తెలుగుదేశం ఎమ్మెల్యేలు వైస్రాయ్ హోటల్లో చేరినప్పుడు కూడా వాళ్లకు ఎన్టీఆర్ మీద కోపం లేదనే చెప్పారు. అంతా లక్ష్మీపార్వతి వల్లే అన్నారు, దుష్టశక్తి అన్నారు. టికెట్లు, పదవులు, పార్టీలో పెత్తనం, వీటన్నిటి మీదా నిర్ణయాలు అప్పటి ముఖ్యమంత్రివి. ఆ మాట సూటిగా ఆయనతో తేల్చుకున్నవాళ్లు తక్కువ. సెప్టెంబరు 1న కొత్త ముఖ్యమంత్రి ప్రమాణం చేశారు. దెయ్యాన్ని వదిలిస్తామని మొదలుపెట్టి దేవుణ్నే గుళ్లోంచి పంపేశారు. కాబట్టి "నాయకుడు మంచివాడు, చుట్టూ ఉన్నవాళ్లే" అన్నది వినయంగా కనిపించినా అన్నిసార్లూ వినయం కాదు. ఎదురుగా నిలబడి విభేదించడం చేతకానప్పుడు, లేదా ఇష్టం లేనప్పుడు, వాడుకునే దొడ్డిదారి.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉన్న సంగతి ఒకటి మన పట్టాభి సీతారామయ్య పేరుతో ముడిపడి ఉంది. 1939 జనవరిలో కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో సుభాష్ బోసుకు 1,580 ఓట్లు, పట్టాభికి 1,377 వచ్చాయి. గాంధీ మద్దతుతో పోటీ చేసింది పట్టాభి. గాంధీ కావాలంటే పక్కకు తప్పుకోవచ్చు. ఆయన మాత్రం ఈ ఓటమి పట్టాభిది కన్నా నాదే ఎక్కువ అని ప్రకటన ఇచ్చారు. ఆ తర్వాత త్రిపురి కాంగ్రెస్ మహాసభలోనూ, ఆపైనా బోసు విషయంలో జరిగినదాన్ని నేను సమర్థించను, అది వేరే కథ. నాకు నచ్చింది ఒక్కటే. ఎవరితో గొడవో, ఎవరి నిర్ణయమో దేశానికంతటికీ తెలిసిపోయింది. గాంధీని తిట్టదలుచుకున్నవాళ్లు గాంధీకే రాశారు. తనను విమర్శించిన ఉత్తరాలను ఆయన తన పత్రికలో వేసి జవాబిచ్చేవారు కూడా.

ఇంకాస్త దగ్గరి కాలానికి వస్తే, 2020 ఆగస్టులో 23 మంది కాంగ్రెస్ నాయకులు సోనియా గాంధీకి రాసిన ఉత్తరం. పూర్తికాలం పనిచేసే, కంటికి కనిపించే నాయకత్వం కావాలని, పార్టీలో ఎన్నికలు పెట్టాలని అడిగారు. మీ చుట్టూ ఉన్నవాళ్లు చెడ్డవాళ్లు అనలేదు, కుర్చీ గురించే అడిగారు. ఆ నెల 24న వర్కింగ్ కమిటీ కూర్చుంటే చర్చంతా ఉత్తరం ఎందుకు బయటికొచ్చింది, ఆమె ఒంట్లో బాగాలేనప్పుడే ఎందుకు రాశారు అన్నదాని మీదే నడిచింది. 2015 మార్చిలో ఆమ్ ఆద్మీ పార్టీలోనూ అంతే. పార్టీ అంతర్గత లోక్‌పాల్‌గా ఉన్న అడ్మిరల్ రాందాస్ రాసిన ఉత్తరం బయటపడింది. అందులో ఏముందన్నది పక్కకు పోయింది. ఆ నెలాఖరుకు ఆయన ఆ పదవిలో లేరు. ఉత్తరం బయటికి రావడమే నేరం అనుకునే పార్టీకి రహస్యంగా రాసి ఏం లాభం? మొదట్నుంచీ బహిరంగంగా రాసేస్తే కనీసం లీక్ గొడవైనా ఉండదు.

కాంగ్రెస్‌లో 2022 అక్టోబరులో అధ్యక్ష ఎన్నిక జరిగింది. ఖర్గేకు 7,897, ఆ ఉత్తరం మీద సంతకం పెట్టిన శశి థరూర్‌కు 1,072 ఓట్లు వచ్చాయి. ఉత్తరం వల్లే జరిగిందని చెప్పలేను. వరుస ఓటములు, రాహుల్ గాంధీ వద్దనడం, చాలా ఉన్నాయి. కానీ అడిగినదాంట్లో ఒకటైనా జరిగింది. అడిగింది స్పష్టంగా ఉంది కాబట్టే జరిగిందో లేదో మనం చెప్పగలుగుతున్నాం. దెయ్యాలు వదిలాయో లేదో ఎట్లా లెక్క తేలుస్తాం?

బాబాయి వైపు నుంచి

ఇంత రాశాక కూడా బాబాయి మాట నన్ను వదల్లేదు. ఆఫీసులో కూర్చుని మాట్లాడుతున్నానన్నది నిజమే. ఆయన ఊళ్లో ఉంటాడు. పార్టీలోంచి పంపించేస్తే పోయేది సభ్యత్వ కార్డు ఒక్కటే కాదు. పోలీస్ స్టేషన్లో మాట పోతుంది, కొడుకు పని ఆగుతుంది, పాత కేసులు మళ్లీ లేస్తాయి. "మీకు తెలియకుండా" అన్న మాట ఆయనకు రక్షణ. నాయకుడికీ అది మంచిదేనని ఇంకొకరు వాదించారు. మొహం మీద తప్పంటే ఏ మనిషైనా మొండికేస్తాడు, ఎవరి మీదో నెట్టి వెనక్కి తగ్గే వీలిస్తే తగ్గుతాడు, మన ఇళ్లలో పెద్దవాళ్లతో మనం చేసేది అదే కదా అన్నారు. ఈ వాదన బలమైనదే. కొన్నిసార్లు పని అట్లాగే అవుతుంది కూడా.

ఇంకో మాట కూడా ఉంది. నాయకుడికి నిజంగానే తెలియకపోవచ్చు. చుట్టూ ఉన్నవాళ్లు బాగాలేని సర్వేలు చూపించరు, సభకు జనం రాకపోతే ట్రాఫిక్ జామ్ అంటారు. నిజమే. కానీ చుట్టూ ఎవరుండాలో నిర్ణయించేది ఎవరు? గేటు దగ్గర ఎవరిని ఆపాలో చెప్పేది ఎవరు? 2023 డిసెంబరు 7న, ప్రభుత్వం మారిన రోజు, ముఖ్యమంత్రి నివాసం ప్రగతిభవన్ ముందు ఇనుప కంచెలు తీసేస్తుంటే జనం చప్పట్లు కొట్టారు. మర్నాడు కొత్త ముఖ్యమంత్రి స్వయంగా అర్జీలు తీసుకున్నారు. తర్వాత ఆ పని మంత్రులకు, అధికారులకు వెళ్లింది. అది తప్పని కాదు, రోజూ ఆయనే కూర్చుంటే పాలన ఎవరు చేస్తారు? ఆ ఏడాది చివర్లో మొదలుపెట్టి జనవరి మొదటి వారం దాకా ప్రజాపాలన పేరుతో తీసుకున్న దరఖాస్తులు కోటీ పాతిక లక్షలు దాటాయి. ఏ మనిషీ అన్ని చదవలేడు. అంటే ఎవరు చదవాలి, ఏది పైకి రావాలి అన్న ఏర్పాటు కూడా ఒక నిర్ణయమే. తెలియకపోవడానికి కూడా ఆయనే బాధ్యుడు.

బాబాయి భయానికి మాత్రం నా దగ్గర మందు లేదు. ఒకటే అనగలను. రక్షణ కోసం రాసిన ఆ వాక్యం ఆయన్ను కాపాడలేదు. ఇన్‌చార్జితో శత్రుత్వం వచ్చింది, అధ్యక్షుడికి చెప్పాల్సింది చేరలేదు. అదే ఉత్తరం పదిమంది సంతకాలతో, "వలస వచ్చినవాళ్లకు టికెట్ ఇవ్వడానికి పార్టీకి నియమం ఏదైనా ఉందా, ఉంటే చెప్పండి" అని అడిగి ఉంటే కనీసం ఎవరినీ తిట్టినట్టు అయ్యేది కాదు. అందులో మర్యాదా ఉంది, ప్రశ్నా ఉంది. భయం ఉన్నవాడు మర్యాదగా ప్రశ్న అడగొచ్చు, దానికి అబద్ధం ఆడనక్కర్లేదు.

మీకేం సంబంధం అంటారా

పార్టీ గొడవల గురించి బయటివాళ్లు ఉత్తరాలు రాస్తే వచ్చే మొదటి ప్రశ్న, "మీకు సభ్యత్వం ఉందా?" నాకు ఏ పార్టీలోనూ లేదు. కానీ నేను ఓటేసిన ఎమ్మెల్యే అసెంబ్లీలో నా మాట విని ఓటేయడు, పార్టీ విప్ విని వేస్తాడు. కాదంటే 1985లో వచ్చిన పదో షెడ్యూలు కింద పదవి పోతుంది. అంటే నా ప్రతినిధి ఏమనాలో పార్టీ నాయకుడు నిర్ణయిస్తాడు. ఆ నాయకుణ్ని ఎవరు ఎన్నుకున్నారు, ఎట్లా ఎన్నుకున్నారు అన్నది నాకు సంబంధం లేని విషయం ఎట్లా అవుతుంది? 2022 జులైలో వైఎస్సార్‌సీపీ ప్లీనరీలో జగన్‌ను జీవితకాల అధ్యక్షుడిగా చేసినట్టు వార్తలొచ్చాయి. శాశ్వత పదవులు ప్రజాస్వామ్యానికి విరుద్ధమని ఎన్నికల సంఘం ఆ సెప్టెంబరులో గట్టిగా చెప్పింది. కానీ మిగతా పార్టీల్లో ఆ మాట కాగితం మీద లేదంతే. మన రెండు రాష్ట్రాల్లో ప్రాంతీయ పార్టీ అధ్యక్షుణ్ని సభ్యులు పోటీలో ఓడించిన సందర్భం ఒక్కటి చెప్పండి చూద్దాం.

అడిగితే చెప్పాలన్న చట్టమూ వీళ్లకు పట్టడం లేదు. ఆరు జాతీయ పార్టీలు సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయని కేంద్ర సమాచార కమిషన్ 2013 జూన్ 3న తేల్చింది. ఏ పార్టీ పాటించలేదు, విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఆ తీర్పులో ప్రాంతీయ పార్టీల ఊసే లేదు. మండలాఫీసులో ఇచ్చిన అర్జీకి ఒక నంబరైనా ఉంటుంది, పార్టీ ఆఫీసులో ఇచ్చిన ఉత్తరానికి అదీ ఉండదు.

ఆ మధ్య నేనే ఒక పార్టీ ఆఫీసుకు ఉత్తరం పట్టుకుని వెళ్లాను. మా ఎమ్మెల్యే ఒక బిల్లు మీద మాట్లాడకుండా ఎందుకు ఓటేశారు, విప్ ఇచ్చే ముందు పార్టీలో చర్చ జరిగిందా, జరిగితే ఎవరెవరు కూర్చున్నారు అని అధ్యక్షుణ్ని అడిగాను. ముందు గదిలో ఉన్న కుర్రాడు కవరు తీసుకుని "సారుకు ఇస్తం అన్నా" అన్నాడు. రసీదు కావాలన్నాను. అట్లాంటిదేం ఉండదన్నాడు. జిరాక్స్ కాపీ ముందు పెట్టి, తేదీ వేసి సంతకం చేయమన్నాను. లోపలికి వెళ్లి ఎవరినో అడిగొచ్చి సంతకం చేశాడు, స్టాంపు మాత్రం వేయనన్నాడు. ఇంతవరకూ జవాబు లేదు. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, అదే ఉత్తరాన్ని తేదీ మార్చి ఈసారి స్పీడ్ పోస్టులో పంపిస్తున్నాను. కాపీ మా ఎమ్మెల్యేకు కూడా.